బాప్తిస్మం తొట్టిలో కొరమేనుల కాపురం

బందరు కాలేజీలో జువాలజీ చెప్పే అనంతపద్మనాభం గారికి చేపల గురించి తెలియనిది లేదు, రుచి ఒక్కటి తప్ప. ఆయన ఇంట్లో వెల్లుల్లికి కూడా ప్రవేశం లేదు. కానీ బోర్డు మీద రంగు సుద్దముక్కలతో చేప బొమ్మ వేశారంటే పొలుసు పొలుసూ మెరిసేది. మధ్యాహ్నం భోజనాల బెల్లుకి ముందు పీరియడు ఆయనదైతే కుర్రాళ్ళకి ఆకలి ఆగేది కాదు. ఒకసారి వాలుగని నిలువునా కోసినట్టు బొమ్మ వేసి లోపలి భాగాలు చూపిస్తూ ఉంటే, వెనక బెంచీ నుంచి ఎవరో "తలకాయ నాకండీ" అన్నారు. ఆయన ఆ రోజంతా మనసు కష్టపెట్టుకున్నారు.

ఆయనకి ఇంకో బాధ కూడా ఉండేది. పాఠ్యపుస్తకం నిండా చలిదేశాల సముద్రాల్లో తిరిగే చేపలే. కాలేజీ గోడ దాటితే కాలవ, ఆ కాలవ నిండా చేపలు. వాటి పేరు మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు. "మన పిల్లలు ఎక్కడో మంచుదేశపు చేప గుండెకి ఎన్ని గదులో చెబుతారు గానీ, మన కొరమేను పిల్లల్ని ఎలా సాకుతుందో ఒక్కడికీ తెలియదు" అని స్టాఫ్‌రూములో అంటూ ఉండేవారు. ఆయన కూడా కొరమేనుని సీసాలో మందునీళ్ళలో తప్ప బతికుండగా చూసినవారు కాదు. ఆ సీసాలో చేప ఎప్పుడూ పైకి చూస్తూ, సెలవు చీటీ మీద సంతకం కోసం నిలబడ్డ గుమాస్తాలా ఉండేది.

యాభై ఎనిమిదిలో, వేసవి సెలవులయ్యాక కాలేజీ తెరిచిన కొత్తల్లో, ఆయన దగ్గర డిమాన్‌స్ట్రేటరుగా ఉన్న రాజకుమారి ఒక కబురు తెచ్చింది. వాళ్ళది దివిసీమ, నాగాయలంక దాటాక చిన్న ఊరు.

"మాస్టారూ, మా ఊరి చెరువులో మందు వేస్తున్నారండీ. ఇప్పగింజల పిండి కలిపితే ఉన్న చేపలన్నీ తేలిపోతాయంట. తరవాత కలకత్తా నుంచి బొచ్చె చేపపిల్లల్ని రైల్లో తెచ్చి వేస్తారు. మీరు చూడాలనుకుంటే ఈ ఆదివారమే చూడాలి."

ఆదివారం పొద్దున్నే ఆయన ఇంట్లోంచి రెండు ఇత్తడి బిందెలు పట్టుకుని మొదటి బస్సు ఎక్కారు. భార్య కామేశ్వరమ్మ గారు అప్పటికింకా పూజలో ఉన్నారు.

కాలవలకి ఇంకా నీళ్ళు వదల్లేదు. చెరువు మోకాలి లోతుకి దిగి ఉంది. గట్టు మీద పిండి బస్తాలు పేర్చి, ఊరి ప్రెసిడెంటు గోవర్ధనరావు గారు గొడుగు కింద నిలబడి ఉన్నారు.

"ఇవన్నీ కలుపు చేపలండీ, మాస్టారూ. కొత్త పిల్లల్ని బతకనివ్వవు. పై నుంచి వచ్చినాయన అలాగే చెప్పాడు."

"కొరమేను కూడా కలుపేనాండీ?"

"కలుపేనండి."

"మీరు తినరూ?"

"ఎందుకు తిననండీ, నిన్న రాత్రి కూడా తిన్నాను. తినడం వేరు, పథకం వేరు."

అనంతపద్మనాభం గారు బిందెలు కింద పెట్టారు. గట్టు మీద కూర్చుని నీళ్ళకేసి చూశారు. కాసేపటికి నీటి మీద నల్లటి మూతి ఒకటి తేలి, గుటుక్కున ఒక గుక్క గాలి మింగి మళ్ళీ మునిగింది. కొరమేను గాలి పీలుస్తుందని ఏటేటా చెప్పే మనిషి, అది నిజంగా పీల్చేసరికి లేచి నిలబడిపోయారు.

"పీల్చింది! రాజకుమారీ, చూశావా, పీల్చింది!"

"అది రోజూ పీలుస్తుందండీ," అంది రాజకుమారి.

ఎలాగో బతిమాలుకుని, మందు కలపకముందే నాలుగు కొరమేనుల్ని పట్టించారు. పొట్టలు చూసి, రెండు జంటలని తేల్చి, బిందెకో జంటని వేశారు. చిన్న చేపల్ని, అంటే పరిగెలూ జెల్లలూ మట్టగిడసలూ, రాజకుమారి చుట్టాలు గంపలకెత్తుకుని అవతలి మురుగుకాలవలో వదలడానికి బయలుదేరారు. దారిలో గంపలు కొంచెం తేలికయ్యాయి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

కొరమేనుల్ని మాత్రం ఆయన కాలవలో వదలనన్నారు. వదిలితే సాయంత్రానికి ఎవరి చట్టిలోనో ఉంటాయి. వీటిని పెంచాలి, ఇవి పిల్లల్ని పెట్టాలి, వాటిని కాయడం విద్యార్థులు కళ్ళారా చూడాలి. ఇదీ ఆయన పట్టుదల. రాజకుమారి ఊళ్ళో ఆగిపోతే, బిందెల మూతులకి తడిగుడ్డలు కట్టి ఆయన ఒక్కరే బస్సెక్కారు.

మోపిదేవి దాకా ప్రయాణం సుఖంగా జరిగింది. అక్కడ సుబ్రహ్మణ్యస్వామి దర్శనం చేసుకున్న జనం బస్సు నిండా ఎక్కారు. కుంకుమ బొట్లు, కొబ్బరి చిప్పలు, అరటిపళ్ళు. గతుకులో బస్సు ఎగిరింది. ఒక బిందె మూతిగుడ్డ జారింది. లోపలున్న కొరమేనుకి గాలి కావలసి వచ్చిందేమో, నల్లటి నున్నటి తల బిందె అంచు మీదికి ఎత్తి, అటూ ఇటూ చూసింది. ఆ తల అచ్చం పాము తలే.

ఎదుటి సీటులో ముసలమ్మ చేతిలో కొబ్బరిచిప్ప జారిపోయింది.

"సుబ్బారాయుడు! తండ్రీ, మాతోబాటే బయల్దేరావా!"

బస్సులో సగం మంది లేచి నిలబడ్డారు. మిగతా సగం మంది చోటు లేక కూర్చునే దండం పెట్టారు. ఒకాయన వంగి, జంధ్యమూ విభూతి రేఖలూ ఉన్న అనంతపద్మనాభం గారిని చూసి చేతులు కట్టుకున్నాడు.

"పంతులు గారూ, స్వామిని ఎక్కడికి తీసుకెళ్తున్నారండీ?"

ఆయన ఆలోచించారు. పాము కాదు, చేప అనాలి. గుడి నుంచి వచ్చే జనం మధ్య ఒక వైదిక బ్రాహ్మడు ఒళ్ళో చేపల బిందె పెట్టుకున్నాడని తేలాలి. అంతకంటే పామే నయమనిపించింది. అలాగని అబద్ధం చెప్పడమూ ఇష్టం లేదు.

"బందరు," అన్నారు. అది నిజమే.

కండక్టరు ఆయన్ని కిటికీ పక్క సీటుకి మార్చాడు. బిందెకి ఎవరో పూలదండ చుట్టారు. ముసలమ్మ సీసాలో ఉన్న పాలు బిందెలో పొయ్యబోయింది. పాలు పోస్తే నీళ్ళు చెడి చేపలు చచ్చిపోతాయి. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి అరిచారు.

"పాలొద్దమ్మా! ఉపవాసం!"

"ఎవరికి నాయనా?"

"ఇద్దరికీ!"

వెనక సీటులో ఒకతను ముక్కు ఎగబీల్చి, "నీచు వాసన వస్తోందేంటి?" అన్నాడు. "నోర్ముయ్యరా, కళ్ళు పోతాయి" అంది ముసలమ్మ. చల్లపల్లి వచ్చేసరికి భజన అందుకున్నారు. బందరులో దిగాక కూడా ఇద్దరు ఆయన వెంట వీధి మలుపు దాకా వచ్చి, బిందెలకి ప్రదక్షిణం చేసి వెనక్కి వెళ్ళారు.

ఇంటి గుమ్మంలో కామేశ్వరమ్మ గారు నిలబడి ఉన్నారు.

"ఆ బిందెలు మా పుట్టింటివి. అందులో ఏమిటి?"

"విద్య," అన్నారాయన.

"విద్యకి మూతి ఎందుకుంది?"

ఆయన ఉన్న మాట చెప్పేశారు. ఆవిడ కేకలు వెయ్యలేదు. పెరటి అరుగు చూపించి, "ఈ పూటకి అక్కడ ఉంచండి. రేపటికి ఆ బిందెలూ కనపడకూడదు, ఆ చేపలూ కనపడకూడదు. పిల్లలు లోపల అన్నం తింటున్నారు, వాళ్ళకి చెప్పకండి" అన్నారు. కానీ వాళ్ళ ఇద్దరమ్మాయిలూ అప్పటికే పెరట్లో బిందెల్లోకి తొంగిచూస్తున్నారు.

మర్నాడు ఒక జంటని కాలేజీ హెడ్‌గుమాస్తా వెంకటాద్రి గారు తీసుకున్నారు. ఆయన పెడన నుంచి రోజూ వచ్చి వెళ్తారు. దొడ్లో సిమెంటు కుండీ ఉందని, కంటికి రెప్పలా చూసుకుంటానని మాటిచ్చారు. నాలుగు రోజులు పోయాక అనంతపద్మనాభం గారు ఆత్రంగా అడిగారు.

"ఎలా ఉన్నాయండీ?"

"బ్రహ్మాండంగా ఉన్నాయండీ! మామిడికాయ వేసి పెట్టాం. మీరు మరీ మరీ జాగ్రత్తగా చూడమన్నారు కదా, ఒక్క ముక్క చెదరలేదంటే నమ్మండి."

అనంతపద్మనాభం గారు కుర్చీలో కూలబడ్డారు. ఆయన అన్నం మానేశారని తెలిసి వెంకటాద్రి గారు నిజంగానే నొచ్చుకున్నారు. "ముందే చెప్పకూడదాండీ, మీకూ కాస్త పంపించేవాణ్ణి" అన్నారు.

అప్పుడు ఆయనకి ఒక సంగతి అర్థమైంది. చేపలు తినేవాళ్ళ చేతిలో పెడితే తినేస్తారు. తిననివాళ్ళు గడప దాటి రానివ్వరు. ఈ కృష్ణా డెల్టాలో నీళ్ళకి కొదవ లేదు గానీ, ఒక జంట కొరమేనులకి తలదాచుకోను చోటు లేదు.

"మా మావయ్యని అడుగుదామాండీ?" అంది రాజకుమారి.

ఆమె మేనమామ యేసుదాసు గారు బందరులోనే ఒక చిన్న సంఘానికి పాస్టరు. వాళ్ళ సంఘంలో పెద్దయ్యాక మనిషిని నిండా నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. అందుకని గుడి వెనక ఆవరణలో, బాదం చెట్టు పక్కన, మెట్లున్న సిమెంటు తొట్టి ఒకటి కట్టించారు. నడుము లోతు. చుట్టూ ఇనప కటకటాలు, వాటికో తలుపు, తలుపుకో తాళం.

యేసుదాసు గారు విషయం వినగానే కళ్ళు మూసుకున్నారు.

"రాజీ, కొరమేను పులుసంటే నాకెంత ప్రాణమో నీకు తెలుసు. నన్నెందుకే శోధనలోకి తెస్తావు?"

"గుడి ఆవరణలో ఉన్నవాటిని నువ్వు ముట్టుకోవు కదా మావయ్యా."

"ముట్టుకోను. కానీ ఆలోచిస్తాను. అదీ పాపమే." ఆయన కాసేపు తనతో తాను పోట్లాడి, జేబులోంచి తాళంచెవి తీసి అనంతపద్మనాభం గారి చేతిలో పెట్టారు. "క్రిస్మస్ దాకా ఎవరూ బాప్తిస్మం అడగలేదండీ. అప్పటిదాకా ఉంచుకోండి. చెవి మాత్రం మీ దగ్గరే ఉండాలి. నేను అడిగినా ఇవ్వకండి."

కాలవలోంచి అంతరతామర తెచ్చి తొట్టిలో ఒక మూల నీళ్ళ మీద పరిచారు. కొరమేనులు దాని కిందికి దూరి కాపురం పెట్టాయి. అనంతపద్మనాభం గారు రోజూ పొద్దున్నే పంచె ఎగగట్టి, కాలవ గట్టున వానపాములు తవ్వి, ఆకుదోనెలో పట్టుకుని గుడికి వెళ్ళేవారు. బందరులో ఇలాంటివి దాగవు. "మేష్టారు రోజూ చర్చికి వెళ్తున్నారంట" అని ఒకరు, "దోనెలో ప్రసాదం కూడా పట్టుకెళ్తున్నారంట" అని ఇంకొకరు.

ఒకరోజు ఆయన పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి గుమ్మంలోంచే కేకేశారు.

"కామేశ్వరీ! పెట్టింది! గుడ్లు పెట్టింది!"

పక్కింటి వాళ్ళు కిటికీ తెరిచారు. కామేశ్వరమ్మ గారు తలుపు మూశారు.

అంతరతామరని తోసి మధ్యలో చిన్న గూడులా చేసుకుని, ఆ నీళ్ళ మీద లేతపసుపు పూసల్లాంటి గుడ్లు తేల్చాయి. ఆ వారం తిరక్కుండానే గుడ్లు పోయి పిల్లలొచ్చాయి. కొద్దిరోజులకి అవి ఎర్రబడ్డాయి. నీళ్ళలో గుప్పెడు కుంకం ఒలికితే అది ముద్దగా కూడి అటూ ఇటూ కదులుతున్నట్టు ఉండేది. ఆ ముద్ద ఎటు వెళ్తే కింద నల్లటి నీడల్లా తల్లీ తండ్రీ అటు వెళ్ళేవి. ఆకు రాలినా సరే, పెద్ద చేప ఒకటి విసురుగా పైకి లేచేది. అనంతపద్మనాభం గారు క్లాసుని జట్లుజట్లుగా అక్కడికే తీసుకొచ్చారు.

"చెరువులో ఈ ఎర్రముద్ద కనపడితే జనం ఏం చేస్తారు?" అని అడిగారు.

"కింద పెద్ద కొరమేను ఉందని తెలిసిపోతుందండీ. గాలం వేస్తారు," అన్నాడు తలకాయ అడిగిన కుర్రాడు.

"అప్పుడు పిల్లలు?"

ఆ కుర్రాడు కటకటాలు పట్టుకుని చాలాసేపు నీళ్ళలోకి చూశాడు. "నేను కూడా వేశానండీ," అన్నాడు చివరికి.

అంతా సవ్యంగా సాగుతుండగా రత్నం గారికి పంటినొప్పి వచ్చింది.

రత్నం గారు పింఛను పుచ్చుకున్న హెడ్ కానిస్టేబులు. మనిషి ఎడ్లబండంత ఉంటాడు. దొంగల్ని ఒంటిచేత్తో పట్టుకున్న ఘనుడు. నీళ్ళంటే మాత్రం హడలు. చిన్నప్పుడు కాలవలో పడ్డాడట. అప్పట్నుంచీ పీట మీద కూర్చుని చెంబుతో పోసుకోవడమే గానీ, మోకాలి లోతు నీళ్ళలో దిగి ఎరగడు. ఆయన భార్య సంతోషమ్మ గారు, ఆయన బాప్తిస్మం తీసుకోవాలని పెళ్ళయినప్పట్నుంచీ ప్రార్థన చేస్తున్నారు. ఆయనకి భక్తికి లోటు లేదు. నీళ్ళ దగ్గరే వచ్చింది చిక్కు. అలాంటి మనిషి ఆ పంటినొప్పికి తాళలేక, తగ్గితే వచ్చే ఆదివారమే మునుగుతానని మొక్కుకున్నాడు. తెల్లారేసరికి తగ్గిపోయింది.

"కాలవలో దిగనండయ్యగారూ. సముద్రమంటే నా దగ్గర ఎత్తొద్దు," అన్నాడు. "ఆ సిమెంటు తొట్టయితే అడుగు కనపడుతుంది. మెట్లున్నాయి. దాంట్లో అయితేనే."

యేసుదాసు గారు అనంతపద్మనాభం గారిని పిలిపించారు. ఆయన పరిస్థితి విని చెట్టు కింద చతికిలబడ్డారు.

"ఒక్క నెల ఆగరాండీ? పిల్లలు ఇంకా పసివాళ్ళు. నీళ్ళు తోడితే చెల్లాచెదురైపోతాయి."

సంతోషమ్మ గారు ముందుకొచ్చారు. చిన్న మనిషి, గొంతు మాత్రం పెద్దది.

"నెలాగితే ఆయన ఆగుతాడు పంతులు గారూ, మళ్ళీ జన్మలో కదలడు. పన్ను మళ్ళీ నొప్పి పుట్టిందంటే మొక్కు చెల్లదంటాడు. నా పెళ్ళయిన కాణ్ణుంచీ కాచుకున్నాను. మీ చేపలు ఒక్క ఆదివారం ఓర్చుకోలేవా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి ఆయన మెత్తబడ్డారు. చివరికి ఒప్పందం కుదిరింది. తొట్టిలో చేపలున్న మూలని వెదురు తడికతో వేరు చేస్తారు. తడిక జారకుండా అనంతపద్మనాభం గారు నీళ్ళలో నిలబడి పట్టుకుంటారు. రత్నం గారికి మాత్రం చేపల సంగతి చెప్పకూడదు. చెబితే అసలు దిగడు.

ఆదివారం సంఘమంతా బాదం చెట్టు చుట్టూ చేరింది. తొట్టి మూల నడుము లోతు నీళ్ళలో, బనీనూ పంచెతో, తడిక కావలించుకుని అనంతపద్మనాభం గారు నిలబడ్డారు. యేసుదాసు గారు తెల్లటి అంగీతో దిగారు. పాట మొదలైంది. రత్నం గారు మొదటి మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తీసుకున్నారు.

"ఆ మూల పంతులు గారెందుకున్నారు?"

"తోడుగా," అన్నారు యేసుదాసు గారు.

ఈ మాట రత్నం గారికి ధైర్యం ఇచ్చింది. అడుగులో అడుగేసి దిగారు. ఒక్కో మెట్టు దిగినకొద్దీ నీళ్ళు పైకి లేచాయి. ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు. అంత మనిషి అడుగున నిలబడేసరికి నీళ్ళు తడిక అంచు దాకా వచ్చేశాయి. అవతల తన పిల్లల దగ్గరికి కొండంత ఆకారం ఒకటి వచ్చి నిలబడటం పెద్ద కొరమేను చూసింది. ఒక్క గెంతు గెంతింది. తడిక మీద నుంచి దూకి వచ్చి, రత్నం గారి పిక్కని తల పెట్టి గుద్దింది.

"చంపేశారు!" అని రత్నం గారు పెట్టిన కేకకి బాదం చెట్టు మీద కాకులన్నీ లేచాయి. ఆయన అందిన ఆధారం పట్టుకుని పైకి ఎక్కబోయారు. అందిన ఆధారం అనంతపద్మనాభం గారి మెడ. విడిపించబోయిన యేసుదాసు గారి అంగీ ఇంకో చేతికి చిక్కింది. ముగ్గురూ కలిసి బుడుంగున మునిగారు. నీళ్ళ మీద ఒక చెయ్యి మాత్రం కనపడింది. అది తడికని నిటారుగా పట్టుకునే ఉంది.

పాట పాడేవాళ్ళు ఆపాలో వద్దో తెలియక అదే చరణం మళ్ళీ అందుకున్నారు.

ముగ్గురూ తేలారు. సంఘం పెద్ద ఒకాయన గట్టు మీద నుంచి, "అయ్యగారు మాటలు పలకలేదు. ఇది చెల్లదు" అన్నాడు.

"మరి ఈ పంతులు గారిది చెల్లుతుందా?" అని అడిగాడు ఇంకొకాయన.

"ఆయనదీ చెల్లదు!" అన్నారు యేసుదాసు గారు గట్టిగా, ముక్కులోంచి నీళ్ళు చీదుతూ.

రత్నం గారు మాత్రం కదలకుండా నిలబడి ఉన్నారు. తల తడుముకున్నారు. చెవులు తడుముకున్నారు.

"సంతోషం, నేను మునిగానా?"

"మునిగావయ్యా."

"నిండా?"

"నిండా."

"పోలేదుగా?"

"పోలేదు, నిక్షేపంలా ఉన్నావు!"

ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. "అయితే మళ్ళీ కానివ్వండయ్యగారూ, ఈసారి మాటలతో," అన్నారు. యేసుదాసు గారు ఈసారి పద్ధతిగా మాటలు పలికి, ఆయన్ని ముంచి లేపారు. సంతోషమ్మ గారు గట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. దారి తప్పిన కొరమేనుని అనంతపద్మనాభం గారు పైపంచెలో పట్టి తడిక అవతలికి చేర్చారు. ఎర్రముద్ద చెదరలేదు.

ఈలోగా వీధిలో పోయే ఎవరో కటకటాల్లోంచి చూసి, పరుగున వెళ్ళి కామేశ్వరమ్మ గారికి చెప్పారు.

"అమ్మా, మీవారికి బాప్తిస్మం ఇచ్చేశారు. నేను కళ్ళారా చూశాను. ఇద్దరు పట్టుకుని ముంచారు!"

ఆవిడ పొయ్యి మీద పప్పు దింపి, గొడుగు తీసుకుని బయలుదేరారు. ఆవరణలోకి ఆవిడ రాగానే జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు.

"బయటికి రండి," అన్నారావిడ.

"ఇప్పుడే రాలేను. పిల్లలున్నారు."

"మీ పిల్లలు ఇంట్లో ఉన్నారు."

ఆయన తడిక కొంచెం పక్కకి వంచారు. ఆవిడ గొడుగు మడిచి, వంగి చూశారు. ఎర్రటి ముద్ద మెల్లగా తిరుగుతోంది. దాని కింద రెండు నల్లటి వీపులు, ఒకటి ఇటూ ఒకటి అటూ. ఆవిడ చాలాసేపు వంగే ఉన్నారు.

"ఏది తల్లి?"

"సరిగ్గా చెప్పలేను కామేశ్వరీ. ఇద్దరూ కాస్తారు. ఆ దూకింది తండ్రి అయి ఉంటుంది."

"వేళకి ఏమైనా తింటుందా అది?"

"పిల్లల్ని కాసే రోజుల్లో తిండి మీద ధ్యాస ఉండదు."

"బుద్ధులు కలిశాయి," అన్నారావిడ. తరవాత జనం వైపు తిరిగి, "ఈయన మతం పుచ్చుకున్నారా?" అని అడిగారు.

"లేదమ్మా," అన్నారు యేసుదాసు గారు. "జారిపడ్డారు. నేనూ జారిపడ్డాను."

సంతోషమ్మ గారు ఆవిడకి కుర్చీ తెచ్చి వేశారు. వంటింటి గొడవలు మొదలుపెట్టి ఇద్దరూ కాసేపట్లోనే వరసలు కలుపుకున్నారు. యేసుదాసు గారు తల తుడుచుకుంటూ అసలు ప్రశ్న ఎత్తారు. పిల్లలు పెద్దవైతే ఈ తొట్టి చాలదు. ఎక్కడ వదలాలి?

"చెరువులో వేస్తే పట్టేస్తారు," అంది రాజకుమారి. "కాలవలో వేసినా అంతే."

కామేశ్వరమ్మ గారు అందరినీ ఒకసారి కలయజూశారు. "తినేవాళ్ళు తినేస్తారు. మాలాంటి వాళ్ళం రానివ్వం. తినేవాళ్ళకి కూడా తినబుద్ధి కాని చోటు ఏదైనా ఉందా ఈ ఊళ్ళో?"

రత్నం గారు తుండుతో తల తుడుచుకుంటూ ఆగిపోయారు. "సమాధుల తోట," అన్నారు.

ఊరి చివర సంఘం వాళ్ళ సమాధుల తోటలో, ఇటకలకి మట్టి తీసిన పెద్ద గుంట ఒకటి ఉంది. ఏడాది పొడుగునా నీళ్ళుంటాయి. అందులో చేప తాటిచెట్టంత పెరిగినా సరే, పట్టుకెళ్ళి పులుసు పెట్టుకునే మొనగాడు బందరులో లేడు. యేసుదాసు గారు తనలో తాను ఓసారి విచారించుకుని, "అక్కడివైతే నాకు కూడా ఆలోచన రాదు" అన్నారు.

పిల్లలు ఎరుపు వదిలి నల్లబడ్డాక వాటినీ తల్లిదండ్రుల్నీ అక్కడికి తరలించారు. కామేశ్వరమ్మ గారి పుట్టింటి బిందెల్లోనే. ఆ బిందెల్ని మళ్ళీ ఇంటికి మాత్రం తేవద్దని ఆవిడ చెప్పి పంపారు. రత్నం గారు ఖాకీ నిక్కరు వేసుకుని, గుంటలో నడుము లోతు దాకా దిగి, స్వయంగా వాటిని వదిలారు. వేసవి వచ్చేలోగా ఆయన కాలవలో ఈత కూడా నేర్చుకున్నారు.

వానలకి గుంట పొంగి పక్క కాలవలో కలిసేది. ఏటా కొన్ని అటు వెళ్ళేవి, పెద్దవి ఉండిపోయేవి. రెండేళ్ళకి గోవర్ధనరావు గారు నాగాయలంక బస్సు దిగి, అనంతపద్మనాభం గారిని వెతుక్కుంటూ కాలేజీకి వచ్చారు.

"మాస్టారూ, ఒక జంట కొరమేనుల్ని ఇప్పించాలండీ. బొచ్చెలు బాగానే ఎదిగాయి గానీ, ఊరంతా నన్ను తిడుతున్నారు."

"తినడానికా, పెంచడానికా?"

"మొదట పెంచడానికేనండి," అన్నారాయన.

ఆయన నిజాయితీకి మెచ్చి, ఊరి వెనక చిన్న కుంటలో వేస్తాననీ, ఎర్రపిల్లలున్న రోజుల్లో ఎవర్నీ గాలం వెయ్యనివ్వననీ మాట పుచ్చుకుని అనంతపద్మనాభం గారు ఒక జంటని ఇచ్చారు.

చేపల పాఠం వచ్చినప్పుడల్లా ఆయన క్లాసుని సమాధుల తోటకే తీసుకెళ్ళేవారు. ఒక శ్రావణ మాసంలో అలాగే గుంట చుట్టూ కూర్చోబెట్టి చెబుతుండగా ఒక అమ్మాయి అడిగింది.

"పెద్దయ్యాక ఆ పిల్లల్ని తండ్రి గుర్తుపడుతుందాండీ?"

"నాకు తెలియదమ్మా. చూద్దాం. కదలకుండా కూర్చోండి."

అంతలో గేటు దగ్గర పాట వినిపించింది. ఎవరో పెద్దాయన్ని ఖననానికి తెచ్చారు. పిల్లలంతా పుస్తకాలు మూసి లేచి నిలబడ్డారు. ప్రార్థన అయింది, మట్టి పోశారు. తిరిగి వెళ్తూ ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూ, వీళ్ళంతా ఏం చూస్తున్నారా అని గుంట దగ్గర ఆగాడు. నీళ్ళలో ఎర్రముద్ద తిరుగుతోంది. ఆయన వెనకాల ఆయన తమ్ముడు ఆగాడు. ఆ వెనక ఆడవాళ్ళు ఆగారు.

"ఏంటండీ అది?" అని అడిగాడు ముసలాయన.

అనంతపద్మనాభం గారు జరిగి ఆయనకి గట్టు మీద చోటిచ్చారు. పాఠం మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకున్నారు.